ఏడవని తల్లిని చూసి తీర్పు తీర్చకండి



మా పిల్లల వార్డులో ఒక మాట మేము చాలాసార్లు విన్నాము. బిడ్డ చేతికి దక్కనప్పుడు తల్లి గుండెలు బాదుకుని ఏడిస్తే పక్క మంచాలవాళ్ళు వచ్చి పట్టుకుంటారు, మంచినీళ్ళు తాగిస్తారు. అదే తల్లి ఒక్క కన్నీటిచుక్క రాల్చకుండా గోడవైపు చూస్తూ కూర్చుంటేనో, బిడ్డ బట్టలు మడతపెట్టి సంచిలో సర్దుకుంటూ ఉంటేనో, వెనకనుంచి ఎవరో ఒకరు మెల్లగా అంటారు: "చూశారా, ఎంత రాతిగుండో!" నిజం చెప్పాలంటే, ఉద్యోగంలో చేరిన కొత్తలో మాలోనూ కొందరం అలాగే అనుకున్నాము. అది ఎంత తప్పో తరువాత రోగుల దగ్గరే నేర్చుకున్నాము.

బిడ్డ కనిపించకుండా పోయిన ఇల్లు ఎలాంటి బరువు మోస్తుందో, మన మాటలు ఆ బరువును ఎలా పెంచుతాయో ఈ సంచికలో వివరిస్తాము. ఇందుకు ఆస్ట్రేలియాలో ఒక పాస్టరుగారి కుటుంబానికి జరిగిన సంగతి చెబుతాము. ప్రపంచమంతా విన్న సంగతే అయినా, మన సంఘాలవారు దానినుంచి నేర్చుకోవలసింది ఇంకా ఉంది.

ఎడారిలో ఒక రాత్రి

ఆస్ట్రేలియా దేశం నడిమధ్య అంతా ఎర్రమట్టి ఎడారి. అక్కడ ఉలూరు అనే పెద్ద ఏకశిలా పర్వతం ఉంది. ఆ రోజులలో దానిని ఎయిర్స్ రాక్ అని పిలిచేవారు. దానికి దగ్గరలో ఉన్న పెద్ద ఊరు ఆలిస్ స్ప్రింగ్స్. రోడ్డు దారిన సుమారు 450 కిలోమీటర్లు. "దగ్గర" అంటేనే అంత దూరం!

మైకేల్ చాంబర్లేన్ గారు సెవెంత్‌డే అడ్వెంటిస్టు సంఘపు పాస్టరు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో మౌంట్ ఐసా అనే మారుమూల గనుల పట్టణంలో సేవ చేసేవారు. ఆయన భార్య లిండీ. ఆరేళ్ళవాడు, నాలుగేళ్ళవాడు ఇద్దరు మగపిల్లలు. 1980 జూన్ 11న వారికి ఆడపిల్ల పుట్టింది. అజేరియా అని పేరు పెట్టుకున్నారు. ఆగస్టులో కుటుంబమంతా సెలవులకు ఉలూరు వెళ్ళి గుడారం వేసుకున్నారు.

1980 ఆగస్టు 17, ఆదివారం రాత్రి. తొమ్మిది వారాల పాపను గుడారంలో పడుకోబెట్టి తల్లి బయట పొయ్యి దగ్గరకు వచ్చారు. కొద్దిసేపటికి పాప ఏడుపు వినిపించింది. పక్కన బస చేసిన ఒక యాత్రికురాలు కూడా ఆ ఏడుపు విన్నానని చెప్పింది. లిండీ గుడారం వైపు పరుగెత్తేసరికి డింగో ఒకటి బయటకు వస్తూ కనిపించింది. డింగో అంటే అక్కడి అడవికుక్క. లోపల పాప లేదు.

ఆ రాత్రే సుమారు 300 మంది చీకటిలో వెదికారు. ఆ నేలమీద తరతరాలుగా బ్రతుకుతున్న ఆదివాసులలో అడుగుజాడలు చదివే నిపుణులు ఉన్నారు. బరువు మోసుకుపోయిన డింగో జాడలు వారు గుర్తించారు. వారం రోజులకు, గుడారానికి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో పాప బట్టలు కొన్ని దొరికాయి. పైన వేసిన చిన్న కోటు మాత్రం దొరకలేదు. పాప దేహం ఈ రోజుకూ దొరకలేదు.

దెబ్బ తగిలిన మనస్సు ఎలా ప్రవర్తిస్తుంది

తరువాతి రోజులలో విలేకరులు వచ్చారు. తల్లిదండ్రులిద్దరూ వారికి జవాబులు చెప్పారు. డింగో పాపను ఎలా తీసుకుపోయి ఉంటుందో లిండీ నిదానంగా, వివరంగా చెప్పారు. టీవీలో చూసినవారు ఆమె కళ్ళల్లో నీళ్ళకోసం వెదికారు. కనిపించలేదు. "కన్నతల్లి ఇలా మాట్లాడుతుందా?" అన్నారు. అనుమానం అక్కడ మొదలైంది.

నర్సులుగా మేము ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెద్ద దెబ్బ తగిలినప్పుడు మన శరీరం అడ్రినలిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండుతుంది, ఆకలి చచ్చిపోతుంది, నిద్ర రాదు. కొందరిలో మనస్సు మొద్దుబారిపోతుంది. కాలికి మత్తుసూది వేస్తే కత్తి తగిలినా నొప్పి తెలియనట్టే ఇదీ. అటువంటి మనిషి ముఖంలో భావం ఉండదు, గొంతు ఒకే తీరుగా ఉంటుంది. అడిగినదానికి పాఠం ఒప్పచెప్పినట్టు జవాబిస్తారు. వచ్చినవాళ్ళకు కాఫీ పెట్టి ఇస్తారు కూడా. కన్నీళ్ళు వారాల తరువాత, ఒక్కొక్కసారి నెలల తరువాత వస్తాయి. బిడ్డ చొక్కా ఒకటి బీరువాలో కంటపడ్డప్పుడో, పాలసీసా చేతికి తగిలినప్పుడో వస్తాయి.

కొందరు అందరి ముందు ఏడుస్తారు. కొందరు తలుపు వేసుకుని ఏడుస్తారు. కొందరు ఏడవలేరు. కన్నీళ్ళను చూసి ప్రేమను కొలవలేము. థర్మామీటరుతో బి.పి. చూడబోయినట్టు ఉంటుంది.

పుకారు చేసిన పని

1981 ఫిబ్రవరిలో మొదటి విచారణాధికారి డింగోయే పాపను తీసుకుపోయిందని తేల్చారు. కాని జనం నోళ్ళు మూతపడలేదు. అజేరియా అంటే "అరణ్యంలో బలి" అని అర్థమట, అని ఎవరో పుట్టించారు. అది అబద్ధం. బైబిలు చదివే మనకు అజర్యా పేరు తెలుసు. దానియేలు స్నేహితులు ముగ్గురిలో అబేద్నెగో అసలు పేరు అదే. "దేవుడు సహాయము చేసెను" అని దాని అర్థం. పాపకు ఒకసారి నల్లని గౌను వేశారట, అని ఇంకొక మాట. పాస్టరుగారి ఇంట్లో చిన్న శవపేటిక ఉందట, అని మరొకటి. పొగతాగడం మాన్పించే తరగతులలో చూపించడానికి ఆయన దానిని ఉంచుకున్నారు. మంచిపనికి వాడిన వస్తువు కూడా అనుమానపు కళ్ళకు సాక్ష్యంగా కనిపించింది.

విచారణ మళ్ళీ తెరిచారు. కేసు డార్విన్ నగరంలో నడిచింది. కారులో దొరికిన మరకలు పసిబిడ్డ రక్తమని పరీక్షలు చేసినవారు చెప్పారు. దీనిని కొంచెం వివరించాలి. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఒక ప్రత్యేకమైన హిమోగ్లోబిన్ ఉంటుంది. పుట్టిన తరువాత కొన్ని నెలలపాటు క్రమంగా తగ్గుతూ పోతుంది. ఆ రకం హిమోగ్లోబిన్ మరకలో కనిపించిందని వారన్నారు. కాని తరువాత తేలింది ఏమిటంటే, రక్తం చిమ్మినట్టు చూపించిన ఆ మరక అసలు రక్తమే కాదు. కారు శబ్దం చేయకుండా ఫ్యాక్టరీలో కొట్టే తారులాంటి పదార్థం! పరీక్ష చేసే పద్ధతి సరిగా లేకపోతే ల్యాబు రిపోర్టు కూడా దారి తప్పిస్తుంది.

దేహం లేదు, ఆయుధం లేదు, చంపడానికి కారణమూ లేదు. అయినా 1982 అక్టోబరు 29న లిండీకి హత్యానేరం కింద యావజ్జీవ శిక్ష వేశారు. నేరానికి తరువాత సహకరించారని మైకేల్ గారికి 18 నెలల శిక్ష వేసి, అమలు నిలిపివేశారు. అప్పటికి లిండీ నిండు గర్భిణి. నవంబరులో ఖైదీగా ఉండగానే ఆడపిల్లను కన్నారు. పుట్టిన కొద్దిసేపటికే బిడ్డను తల్లి దగ్గరనుంచి తీసుకుపోయారు. ఒక బిడ్డను ఎడారిలో పోగొట్టుకున్న తల్లికి రెండవ బిడ్డను ఒడిలో ఉంచుకునే భాగ్యం కూడా లేకపోయింది. కాన్పుల గదిలో పనిచేసిన మాకు ఈ భాగం చదివినప్పుడల్లా చేతులు ఆడవు.

ఆ తల్లి మూడేళ్ళకు పైగా జైలులో ఉన్నారు. 1986 ఫిబ్రవరి మొదట్లో ఉలూరు మీదనుంచి జారిపడి చనిపోయిన ఒక యాత్రికుడి కోసం వెదుకుతుంటే, డింగోల గుహల దగ్గర పాప చిన్న కోటు దొరికింది. అది ఉందని తల్లి మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. ఫిబ్రవరి 7న ఆమెను విడుదల చేశారు. 1988 సెప్టెంబరు 15న ఇద్దరి శిక్షలనూ కోర్టు రద్దు చేసింది. 2012 జూన్ 12న విచారణాధికారిణి ఎలిజబెత్ మోరిస్ గారు, డింగోయే పాప మరణానికి కారణమని తుది తీర్పు చెప్పి, తల్లిదండ్రులకు సానుభూతి తెలిపారు. మరణ ధృవీకరణ పత్రంలో ఆ మాట సరిగా వ్రాయించుకోవడానికి వారికి దాదాపు 32 ఏళ్ళు పట్టింది.

ఇల్లు ఎలా బీటలు వారుతుంది

మైకేల్, లిండీల వివాహం 1991లో విడాకులతో ముగిసింది. వారిలో ఎవరినీ తప్పు పట్టడానికి మేము ఈ మాట చెప్పడం లేదు. పైనుంచి అంత బరువు పడితే గట్టి ఇల్లు కూడా బీటలు వారుతుందని తెలుసుకోవాలి.

బిడ్డ చనిపోతే దేహం ఉంటుంది, సమాధి ఉంటుంది, ఆదరణ కూటం ఉంటుంది. బిడ్డ కనిపించకుండా పోతే ఇవేవీ ఉండవు. వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియని సైనికుల కుటుంబాలను అమెరికాలో పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970 దశకంలో అధ్యయనం చేశారు. ఆమె దీనికి ఒక పేరు పెట్టారు. తెలుగులో "తేలని నష్టం" అనవచ్చు. ఉన్నాడని సంతోషించలేరు, లేడని ఏడవలేరు. గాయం మానదు, ఎందుకంటే రోజూ తలుపు చప్పుడైనప్పుడల్లా అది మళ్ళీ తెరుచుకుంటుంది.

అటువంటి ఇంటిలో సాధారణంగా కనిపించేవి ఇవి.

భార్యాభర్తలలో ఒకరు రాత్రింబవళ్ళు వెదుకుతూ, ఫోటో పట్టుకుని తిరుగుతూ ఉంటారు. మరొకరు మౌనంగా పనికి వెళతారు. "నీకు బాధే లేదు" అని ఒకరు, "నన్ను బ్రతకనివ్వవు" అని మరొకరు అనుకుంటారు. ఇద్దరిదీ ఒకే దుఃఖం. మోసే తీరు వేరు, అంతే.

"నువ్వు ఆ రోజు చూసుకుని ఉంటే" అనే మాట ఒక్కసారి నోరు జారితే చాలు, ఏళ్ళ తరబడి గుచ్చుతూనే ఉంటుంది.

మిగిలిన పిల్లలను అందరూ మరచిపోతారు. చిన్నపిల్లలు తాము కోప్పడినందువల్లే తమ్ముడు పోయాడనుకుంటారు. మళ్ళీ పక్క తడపడం, బడికి పోనని మొరాయించడం, అమ్మ కొంగు వదలకపోవడం, కడుపునొప్పి అనడం చూస్తాము. పెద్దపిల్లలు ఏమీ అడగరు, అన్నీ లోపల దాచుకుంటారు.

శరీరం కూడా దెబ్బతింటుంది. నిద్రలేమి, తలనొప్పి, గుండెదడ, బి.పి., షుగరు అదుపు తప్పడం, తండ్రులలో తాగుడు మొదలుకావడం చూస్తాము. "ఏ జబ్బూ లేదు, ఊరికే నీరసం" అని ఓ.పి.కి వచ్చే తల్లి చీటీ వెనుక ఇటువంటి కథ ఉండవచ్చు.

సంఘస్థులు, ఇరుగుపొరుగు ఏమి చేయాలి

మొదటిది, వెళ్ళండి. ఏమి మాట్లాడాలో తెలియక చాలామంది వెళ్ళడం మానేస్తారు. మాటలు అక్కరలేదు. యోబు స్నేహితులు ఏడు రోజులు నేలమీద అతనితో కూర్చుని మౌనంగా ఉన్నారు. వారు చేసిన మంచిపని అదే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే తప్పు చేశారు.

రెండవది, "ఇది దేవుని చిత్తం", "మీ ఇంట్లో ఏ పాపం ఉందో" అనకండి. "ఇంకా పిల్లలున్నారుగా" అనికూడా అనకండి. ఒక బిడ్డ స్థానంలో ఇంకొక బిడ్డ కూర్చోడు.

మూడవది, పని అందుకోండి. "ఏమైనా కావాలంటే చెప్పండి" అంటే వారు చెప్పరు. అన్నం వండి తీసుకెళ్ళండి. మిగిలిన పిల్లలను బడిలో దించండి. పోలీసు స్టేషనుకు తోడు వెళ్ళండి. మందులు వేసుకున్నారా అని అడగండి.

నాలుగవది, బిడ్డ పేరు పలకండి. పుట్టినరోజు గుర్తుపెట్టుకోండి. మొదటి నెల అందరూ వస్తారు, ఆరవ నెలలో ఎవరూ ఉండరు. ఆరవ నెలలో వెళ్ళండి.

ఐదవది, విన్న మాటను మీ దగ్గరే ఆపండి. "నాకెందుకో అనుమానం" అన్న మాట పది ఇళ్ళు దాటేసరికి "నేను చూశాను" అవుతుంది. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని 2018లో సెల్‌ఫోన్లలో వచ్చిన పుకార్లవల్ల మన దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. తెలియని సంగతిని ఫోనులో ముందుకు పంపకపోవడం కూడా పొరుగువానిని ప్రేమించడమే.

మన ఊరిలో బిడ్డ కనిపించకపోతే

పసిబిడ్డ విషయంలో నిమిషాలు లెక్క. కనుక ఆలస్యం చేయకండి. ఇరవైనాలుగు గంటలు ఆగాకే ఫిర్యాదు తీసుకుంటారన్నది అపోహ. తప్పిపోయిన పిల్లల విషయంలో ఫిర్యాదు రాగానే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. వెంటనే స్టేషనుకు వెళ్ళండి, లేదా 112కు ఫోను చేయండి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. ఈ మధ్య తీసిన ఫోటో, వేసుకున్న బట్టల రంగు, పుట్టుమచ్చలు, మాట్లాడే భాష, వేసుకునే మందులు ఒక కాగితం మీద వ్రాసి ఇవ్వండి. ఇంటి దగ్గర ఒకరు తప్పక ఉండాలి, బిడ్డ తానే తిరిగి రావచ్చు. మిగిలినవారు బావులు, చెరువులు, నీళ్ళ తొట్లు, ఆగి ఉన్న కార్లు ముందు చూడండి. తరువాత బస్‌స్టాండు, రైల్వే స్టేషను చూడండి. బిడ్డ దొరికితే ఫోనులలో తిరుగుతున్న ఆ ఫోటోను తీసివేయమని అందరికీ చెప్పండి.

తిరిగి వచ్చిన బిడ్డను కొట్టకండి, పదిమంది ముందు నిలబెట్టి ప్రశ్నలు వేయకండి. డాక్టరుకు చూపించండి. కొన్ని రోజులు భయపడతాడు, నిద్రలో ఉలిక్కిపడతాడు. ఓపికపట్టండి.

కుటుంబంలో ఎవరైనా రెండు వారాలు దాటినా నిద్రపోకపోతే, అన్నం మానేస్తే, "నేనెందుకు బ్రతకాలి" అంటే అది విశ్వాసలోపం కాదు. చికిత్స అవసరమైన స్థితి. చావు మాట నోట వస్తే రెండు వారాలు ఆగవద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకురండి. ఓ.పి.లో చెప్పడానికి సిగ్గుపడితే వార్డులో ఏ సిస్టరుకైనా చెప్పండి, మేము డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళతాము. టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేస్తే పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఆఖరుగా ఒక మాట

మన ప్రభువు తప్పిపోయిన గొర్రె కథ చెప్పినప్పుడు కాపరి ఏడ్చాడా లేదా అని ఎవరూ అడగలేదు. వెదుకుతూ వెళ్ళాడు, అంతే. పన్నెండేళ్ళ యేసు యెరూషలేములో కనిపించకుండా పోయినప్పుడు మరియ, యోసేపు మూడు రోజులు ఆ వేదన అనుభవించారు. బిడ్డ కనిపించని తల్లి బాధ పరిశుద్ధ గ్రంథానికి కొత్త కాదు.

ఇప్పుడు మా వార్డులో కన్నీళ్ళు లేకుండా గోడవైపు చూస్తూ కూర్చున్న తల్లి కనిపిస్తే, మా సిస్టర్లు ఒక స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటారు. చేతిమీద చెయ్యి వేస్తారు. ఏమీ అడగరు. కొంతసేపటికి ఆమే బిడ్డ పేరు చెబుతుంది. రేపు మీ వీధిలో అటువంటి తల్లి ఉంటే మీరూ అలాగే కూర్చోండి.

ఆచూకీ తెలియని బిడ్డల కోసం, వారి కోసం తలుపు తీసి ఉంచుకున్న ఇళ్ళ కోసం మీ కుటుంబ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోవాలని కోరుతున్నాము.

ప్రభువు సేవలో,
నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున